ఎనిమిది రోజుల మనిషి

నేను ఎనిమిది రోజుల మనిషిని.
హార్లింగెన్‌లో ఏ ఇంట పురుడొచ్చినా
సైకిల్ గోడకి ఆనించి
మర్నాడు పొద్దున్నే తలుపు తట్టేది
నేనో, నాలాంటి ఇంకొకతో.
సంచిలో ఒక థర్మామీటరు, ఒక పుస్తకం,
ఇంట్లో వేసుకునే నా చెప్పులు.

మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి
నా నడుమెత్తుకి లేపుతాం పచ్చి బాలింతని.
"ఓడెక్కినట్టుంది" అంది వీట్స్కే పైనుంచి.
మొగుడు ష్యూర్ద్ రేవులో క్రేన్ నడుపుతాడు.
టన్నులకి టన్నులు ఉప్పు దించే మనిషి
మూడు కిలోల కూతుర్ని ఎత్తుకోడానికి
రెండుసార్లు చేతులు తుడుచుకున్నాడు.

చూడొచ్చిన వాళ్లందరికీ రస్కులు,
వెన్న మీద గులాబీ రంగు సోంపు పలుకులు.
అందరూ వంగి చూసేది ఉయ్యాల్లోకే.
ముక్కు తాతదట, గడ్డం మావైపుదట.
పళ్లెం ఖాళీ అయింది.
మంచం మీది మనిషిని
నువ్వేమన్నా తిన్నావా అని అడిగిన నోరు లేదు.
నాలుగింటికి నేనే తలుపేసేశాను.
మేనత్త ఒకావిడ జల్లులో నిలబడి గొణిగింది.
గొణగనీ.

నా పుస్తకంలో రెండు గళ్లు: బిడ్డ, తల్లి.
బిడ్డ గడి దానంతటదే నిండుతుంది,
ఎన్ని గుక్కలు, ఎన్ని తడి గుడ్డలు.
"రాత్రి నిద్రెంత?" అంటే
"రెండు గంటలకోసారి లేచింది" అంటుంది.
"పాప సంగతి కాదమ్మా."
అప్పుడు చాలాసేపు ఆలోచించింది,
ఏ బస్సులోనో మరిచిపోయిన గొడుగుని
తలుచుకుంటున్నట్టు.

మూడో రోజు పాలు పడ్డాయి.
రొమ్ములు రాళ్లయ్యాయి, వెనకే ఏడుపు.
ఫ్రిజ్‌లోంచి కాబేజీ ఆకులు తీసి
ఈనెలు నలగ్గొట్టి రెండువైపులా సర్దాను.
"నవ్వకు" అంది.
నేను నవ్వలేదు. తనే నవ్వింది,
కుట్లు లాగేసరికి మళ్లీ ఏడ్చింది.
బాత్రూంలో సీసాతో గోరువెచ్చటి నీళ్లు
ఎలా పోసుకోవాలో చూపించాను.
మంటకి పళ్లు బిగబట్టి
గోడ పలకలు లెక్కపెట్టింది.
నలభై ఒకటి, ఒకటి పగిలింది.

ఆరో రోజు, కళ్లు కిటికీకి అతుక్కుపోయి,
"అది నిద్రపోతున్నా
నాకు ఏడుపు వినిపిస్తోంది, యెల్ట్యే."

"కోటు వేసుకో. మూల దాకా వెళ్లిరా."
"దేనికి?"
"దేనికీ కాదు."

పది నిమిషాలన్నాను. ఇరవై ఐదయ్యాయి.
పాపని భుజాన వేసుకుని
కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరిగాను.
కట్ట అవతల సముద్రం వెనక్కి పోయే వేళ,
బురద తప్ప ఏమీ ఉండదక్కడ.
ఈ పనిలో ముప్పై ఏళ్లు నాకు,
ఆ రోజు నా చేతులు చల్లబడ్డాయి.

వచ్చింది.
ఎర్రటి ముక్కు, తడి బూట్లు,
వేళ్లకి నూనె.
రేవు దగ్గర బండి మీద వేడి వేడి చేప వేపుడు,
పెద్ద పొట్లం, నిలబడి, ఒక్కతే.
"సముద్రపు పిట్ట ఒకటి ముక్క అడిగింది.
ఇవ్వలేదు" అంది,
దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

తల్లి గడిలో రాశాను:
జ్వరం లేదు.
చేప తిన్నది. మొత్తం తనే.

ఎనిమిదో రోజు దిమ్మలు లాగేశాం.
మంచం నేలకి దిగింది,
దుప్పటి మడతల్లోంచి రస్కు పొడి రాలింది.
పుస్తకం వాళ్లకే వదిలేస్తాం,
ఇంకా తెల్ల కాగితాలున్నాయి అందులో.
గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని
ఏదో అనబోయింది, పాప కక్కింది,
ఆ మాట అట్లాగే పోయింది.

వంతెన దాటాక గుర్తొచ్చింది, చెప్పులు.
సైకిల్ తిప్పాను.
ఆ వీధిలో కిటికీలకి తెరలు వెయ్యరు:
ష్యూర్ద్ ఏడ్చే పిల్లని భుజాన వేసుకుని
గది ఈ కొసనుంచి ఆ కొసకి.
వీట్స్కే కుర్చీలో కాళ్లు చాపుకుని
టీ తాగుతోంది.
కప్పులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

తలుపు తట్టలేదు.
రేపటి ఇంట్లోకి
మేజోళ్లతోనే వెళ్తాను.